అన్నం తిన్నాకే చెప్పే కబురు

మా పెద్దమ్మ చనిపోయిందని నాకు ఎవరూ చెప్పలేదు. చూశాను. కాలేజీ స్టాఫ్‌రూములో టీ గ్లాసు పక్కన పెట్టిన ఫోను వెలిగింది. అందులో ఆమె మొహం ఉంది. ముక్కు రంధ్రాల్లో దూది, గడ్డం కింది నుంచి నడినెత్తికి బిగించి కట్టిన గుడ్డపేలిక, సరిగా మూతపడని ఒక కన్ను. ఫొటో తీసినవాళ్ల బొటనవేలు ఓ మూల అడ్డం వచ్చింది. ఆ వేలు కూడా చూసుకోకుండా పంపేశారు. అంత తొందర ఏమొచ్చిందో.

కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. కన్నీళ్లు కారే పసుపు రంగు మొహాలు. వాటి మధ్యలో, పైన ఏముందో చూసుకోని ఒక పెద్దమనిషి గులాబీ పువ్వు పెట్టి అందరికీ శుభోదయం చెప్పాడు. ఆయన కింద మళ్లీ చేతులు జోడించిన బొమ్మలు.

నాకు ముందు ఏడుపు రాలేదు. రోత పుట్టింది. నోట్లో ఉన్న టీ మింగబుద్ధి కాక బయటికి వెళ్లి మొక్కల్లో ఉమ్మేసి వచ్చాను. ఇలా రాయడం తప్పేమో, పోయినవాళ్లను తలుచుకునేటప్పుడు మంచి మాటలు రాయాలేమో. కానీ ఆమె గురించి రాస్తూ రోత సంగతి దాస్తే ఆమెనే దాచినట్టు అవుతుంది. ఆమె నోటి నుంచి రోజుకు ఎక్కువసార్లు వచ్చిన మాట "ఛీ".

ఆమె నాకు రక్తసంబంధం కాదు. మందమర్రిలో మేం పెరిగిన కాలనీలో ఎదురింటి మనిషి. మా అవ్వకంటే, అంటే మా అమ్మకంటే, వయసులో పెద్ద, అందుకని పెద్దమ్మ. తర్వాత వీధి మొత్తానికీ పెద్దమ్మే అయింది. వాళ్లాయన గనిలో మోటర్లు చూసేవాడు. ఆయన ఏళ్ల తరబడి ఎదురుచూసి ఇంట్లో ఫోను పెట్టించుకున్నాడు. మా వీధిలో అదొక్కటే ఫోను. ఆ రోజుల్లో పెళ్లి కార్డుల మీద, అర్జీల మీద నంబరు రాసి పక్కన "పీపీ" అని రాసేవాళ్లు. ఈ ఫోను మాది కాదు, పక్కింటివాళ్లది, పిలిస్తే వచ్చి మాట్లాడతాం అని దానర్థం. మా వీధిలోని ప్రతి కార్డు మీదా పీపీ అంటే పెద్దమ్మే.

ఇంటర్నెట్టు రాకముందు మీ బతుకు ఎట్లుండేది మేడం అని మా పిల్లలు క్లాసులో అడుగుతుంటారు. నాకు ఆ ముందుగది గుర్తొస్తుంది. మూలన ఎత్తు పీట, దాని మీద పూలల్లిన గుడ్డ, గుడ్డ మీద ఫోను. ఫోను మోగితే పెద్దమ్మ కొంగుకు చెయ్యి తుడుచుకుని ఎత్తేది. "ఎవరు? ఎవరు గావాలె? పెట్టెయ్యిండ్రి. జరసేపాగి మల్ల చెయ్యిండ్రి, పిలిపిస్త." తర్వాత వాకిట్లో ఆడుకుంటున్న మాలో ఒకళ్ల మీద కేక. మేం పరుగెత్తి పిలుచుకొచ్చేవాళ్లం. వచ్చిన మనిషి రొప్పుతూ ఫోను ముందు నిలబడి, అది మళ్లీ మోగేదాకా చీర కుచ్చిళ్లు సర్దుకునేది, అవతలివాళ్లకు కనిపిస్తానన్నట్టు.

ఫోను మోగి ఆ మనిషి చెవికి పెట్టుకోగానే పెద్దమ్మ పెరట్లోకి వెళ్లిపోయేది. బండ మీద గిన్నెలు పడేసి బరబరా తోమేది. ముందుగదిలో మాట ఎవరికీ వినపడకూడదని ఆ మోత. కడగాల్సిన గిన్నెలు లేకపోతే కడిగినవే తెచ్చి వేసేది.

"కడిగినయే కడుగుతున్నవేందే?" అని వాళ్లాయన అరిచేవాడు లోపల్నుంచి.

"నీ చెవులు గూడ కడుగాల్నా? బయటికి పో జర, గా పోరి మొగనితోని మాట్లాడుతున్నది."

ఆయన పాపం తువ్వాల భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చి నిలబడేవాడు.

మాట్లాడడం అయిపోయి మనిషి వెళ్లిపోయాక సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో ఫోను మూతిని తుడిచేది. మొహం అంతా ముడుచుకుని, దాన్ని దూరంగా పట్టుకుని, "ఛీ, ఎవని ఎంగిలి ఎవనికి!" అనేది. పొద్దున తంబాకు నమిలిన నోరు మాట్లాడిన దాంట్లోనే సాయంత్రం బాలింత మాట్లాడాలి కదా, అందుకని. ఆ రోతలో ఒక శుభ్రత ఉండేదని ఇప్పుడు తోస్తుంది. అప్పుడు మాత్రం మాకు నవ్వొచ్చేది. ఆమె వెనక నిలబడి మేమూ మూతులు ముడిచి "ఛీ" అనేవాళ్లం.

మా వీధిలో ఒక టీచరమ్మ ఉండేది. ఎవరైనా ఫోనుకు వచ్చినప్పుడల్లా ఆమెకు కరివేపాకు అవసరం పడేది. పెద్దమ్మ వాళ్ల కరివేపాకు చెట్టు ముందుగది కిటికీ పక్కనే ఉండేది. ఒకరోజు పెద్దమ్మ చేతిలో మసి గిన్నెతో వచ్చి వెనక నిలబడింది.

"ఏం టీచరమ్మా, గా కొమ్మకే కాస్తదా ఆకు? అటు పక్కది చేదున్నదా?"

"అయ్యో, చెయ్యి అందుతలేదని పెద్దమ్మా."

"చెయ్యి అందుతలేదా, చెవి అందుతలేదా?"

టీచరమ్మ చాలా రోజులు కరివేపాకు లేకుండానే పప్పు పోపు వేసుకుంది. పెద్దమ్మ మాకు చెప్పేది: "నోట్లె పడ్డది మింగుతం గదా. చెవుల పడ్డది గూడ మింగుడే. బయటికి కక్కిన్నంటే, ఛీ, ఎవరు ఎత్తిపోస్తరు?" ఆమె అంత ఫోను ఇంట్లో పెట్టుకుని ఎవరి ముచ్చటా ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్లలో నాకు తెలిసి ఒక్కటీ బయటికి రాలేదు. నాకు తెలియనివి వచ్చాయేమో. అది నేనెలా చెప్పగలను?

ఇక చావు కబురు సంగతి.

ఫోను ఎక్కువగా మోసుకొచ్చింది అవే. పెళ్లి కబురుకు జనం ఉత్తరం రాసేవాళ్లు, చావుకు ఫోను చేసేవాళ్లు. అలాంటి కబురు వస్తే పెద్దమ్మ మమ్మల్ని పంపేది కాదు. ఫోను పెట్టేసి, మొహం కడుక్కుని, తనే నడిచి వెళ్లేది. వెళ్లి గడపలో కూచుని అడిగే మొదటి మాట "తిన్నరా?"

తిన్నాం అంటే చెప్పేది. తినలేదంటే కూచునేది. వాళ్లు వండుకుని, వడ్డించుకుని, తిని, చెయ్యి కడుక్కునేదాకా ఏవో మాటలు చెబుతూ కూచునేది. చావు మాట ఒకసారి చెవిన పడితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఊరికి పోవాలి, బస్సులు మారాలి, శవం లేచేదాకా పచ్చి మంచినీళ్లతో ఉండాలి, పిల్లలు ఆకలని ఏడిస్తే వాళ్లను కొట్టాలి. అందుకని అన్నం తిన్నాకే కబురు. అది ఆమె కట్టుబాటు.

మా ఇంటికి రెండు ఇళ్ల అవతల ఉన్న ఒకామెకు ధర్మపురి నుంచి అలాంటి కబురు వచ్చిన రోజు నేను పెద్దమ్మ వెంట ఉన్నాను. పిల్లల్ని తర్వాత మా ఇంటికి తీసుకెళ్లడానికని నన్ను తీసుకెళ్లింది. ఆ ఇల్లాలు అప్పుడే కూర దించింది.

"తిన్నరా బిడ్డా?"

"ఇంక లేదు పెద్దమ్మా. ఏమన్న ఫోనొచ్చిందా?"

"ఫోనుకేంది, వస్తనే ఉంటది. నువ్వు పిల్లలకు పెట్టు. నువ్వు గూడ పెట్టుకో. నేను గిట్ల కూసుంట."

కూచుని చింతపండు సంగతి ఎత్తుకుంది. ఈసారి చింతపండు నల్లగా ఉందని, గింజ తీయకుండా అమ్ముతున్నారని, పోయినేడాది ఖానాపూర్ నుంచి తన అక్క పంపింది ఎంత బాగుందో. ఆ ఇంటి అబ్బాయి, నాకంటే చిన్నవాడు, రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాడు. చింతగింజలు కాల్చి తిందామా అని నన్ను అడిగాడు. వాళ్లమ్మ చెయ్యి కడుక్కుని కొంగుతో తుడుచుకున్నాక పెద్దమ్మ లేచి ఆమె భుజం పట్టుకుంది.

"బిడ్డా, మీ బాపు లేడు."

ఆ ఇల్లాలు పెద్దమ్మ చెయ్యి విదిలించి కొట్టింది. "ఇంతసేపు నా ముందట కూసోని చింతపండు ముచ్చట చెప్పినవా? మా బాపు సచ్చిపోతే నాతోని అన్నం తినిపిచ్చినవా? ఛీ! బస్సు గూడ పాయె. నువ్వు మనిషివేనా?"

పెద్దమ్మ దెబ్బ పడిన చెయ్యిని దాచుకోలేదు. "అను బిడ్డా. కడుపుల ఇంత పడ్డంక ఎంతన్న అనొచ్చు," అంది.

ఇది మంచి పనేనా అని నేను ఇప్పటికీ తేల్చుకోలేను. నా ఇంటి చావు కబురు, నా బాపు చావు కబురు, నాకంటే ముందు ఎదురింటి ఆమెకు తెలియడం, ఎప్పుడు చెప్పాలో ఆమె నిర్ణయించడం. ఎవరిచ్చారు ఆ అధికారం? ఆ బస్సు దొరికి ఉంటే కూతురు తండ్రి మొహం ఇంకాస్త ముందు చూసేది కదా? పాత రోజుల గురించి తీయగా మాట్లాడేవాళ్లు ఇవేవీ చెప్పరు. పెళ్లి సంబంధం తప్పిపోయిందని ఫోనులో విన్న పిల్ల, కళ్లు తుడుచుకుంటూ ఆ ముందుగదిలోంచి బయటికి వచ్చినప్పుడు, మాట వినపడకపోయినా వీధి వీధంతా ఆమె మొహం చూసేది. ఏ గిన్నెల మోతా ఆ చూపుల్ని ఆపలేదు. మనది అనుకున్న దుఃఖం కూడా మనది కాని బతుకు అది. దాన్ని తలుచుకున్నా నాకు రోతే.

అయితే ఆ కట్టుబాటు వల్ల నవ్వులూ ఉండేవి. "తిన్నరా" అన్న మాటకు మా వీధి అంతా దడుచుకునేది. పెద్దమ్మ వేళ కాని వేళలో గడపలో కనపడితే చాలు, "తిన్నం పెద్దమ్మా, తిన్నం, చెప్పు" అనేవాళ్లు ముందే. ఒకసారి ఆమె పాలలోకి తోడు మజ్జిగ కోసం ఒకరింటికి వెళ్లి, అలవాటుగా "తిన్నరా" అని అడిగిందట. ఆ ఇల్లాలు ఒక్కసారిగా నేల మీద కూలబడి "అయ్యో అవ్వా" అని రాగం ఎత్తుకుంది. చుట్టుపక్కల వాళ్లంతా ఉరికొచ్చారు. పెద్దమ్మ గిన్నె పట్టుకుని నిలబడి, "ఓసి, నీ శోకం పాడుగాను, చారెడు మజ్జిగకు వచ్చిన!" అంది. ఏడుస్తున్నామె ఏడుపు ఆపలేక, నవ్వు ఆపలేక, మజ్జిగ తెచ్చి సగం ఒలకబోసింది.

తర్వాత అందరి ఇళ్లలోకీ ఫోన్లు వచ్చాయి. తర్వాత చేతుల్లోకి వచ్చాయి. పెద్దమ్మ ముందుగదికి ఎవరూ రాలేదు. ఆమె దానికి బాధపడిందని నేననుకోను. "పీడ పోయింది, ఎంగిలి తుడువలేక సస్తుంటి" అంది. కొడుకు, నేను అన్న అని పిలిచే మనిషి, ఆమెకు కూడా వేలితో తాకే ఫోను కొనిచ్చాడు. పోయిన ఎండాకాలం నేను వెళ్లినప్పుడు అది బియ్యం డబ్బా మూత మీద బోర్లా పడి ఉంది.

"గట్ల బోర్లేసినవేంది పెద్దమ్మా?"

"ఎల్లెలకల ఉంటే ఏదో ఒకటి సూపెడ్తది." తనే తీసి నా చేతికిచ్చింది. "గిది సూడు. గీ పిల్ల ఎవరో నాకెరుక లేదు. రోడ్డు మీద పడి సచ్చిపోయింది. మొఖం మీద నెత్తురు. నాకెందుకు పంపిన్రు? గీమె అవ్వకు ఎవరన్న పోయి చెప్పిన్రా బిడ్డా, లేకుంటే ఆమె గూడ గిట్లనే సూసిందా?"

నేను ఫోను ఆమె చేతికి తిరిగిచ్చాను.

"అందరు పెడుతుండ్రు. చెప్పేటోడు ఒక్కడు లేడు. ఛీ," అంది. ఫోను మళ్లీ బోర్లా పెట్టింది.

ఆమెను ప్రాణంతో చివరిసారి చూడడం అదే.

ఇప్పుడు ఆ రోజు పొద్దుటి సంగతికి వస్తాను. ఫొటో వచ్చిన గ్రూపు మా కాలనీలో పెరిగినవాళ్లందరిదీ. దాంట్లో రోజూ పాత రోజుల బొమ్మలే. పెన్సిలు దూర్చి తిప్పే క్యాసెట్టు, మిద్దె మీద యాంటెన్నా, తాళం వేసిన ఫోను. కింద "ఆ రోజులే వేరు" అని రాతలు. తాళం వేసిన ఫోను బొమ్మ కింద పెద్దమ్మను తలుచుకోనివాళ్లు లేరు. అదే చోట, అవే వేళ్లు ఆమె ముక్కులో దూదిని కూడా పెట్టాయి. ఎవరు పెట్టారా అని చూస్తే, ఆ రోజు రెండోసారి అన్నం పెట్టించుకున్న అబ్బాయి. ఇప్పుడు మంచిర్యాలలో దుకాణం పెట్టుకున్నాడు.

ఫోను చేశాను. "ఏం పనిరా అది? తీసెయ్ ముందు."

"అక్కా, అందరికి తెల్వాలె గదా. ఎంతమందికని ఫోన్లు చేస్త?" ముక్కు చీదుకున్నాడు. "నేనే దవాఖానకు తీస్కపోయిన అక్కా. నా చేతులనే పోయింది. ఏం చెయ్యాల్నో సమజ్ గాలే. తీసేస్త గని, అది ఇప్పటికే అందరికి పోయింది."

తిట్టడానికి చేశాను, తిట్టలేకపోయాను. అతను నిజంగా ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే ఫొటో తీశాడు. ఈ రెండూ ఒకే మనిషి ఎలా చేయగలడో నాకు అర్థం కాదు, కానీ చేస్తున్నాడు, చుట్టూ అందరూ చేస్తున్నారు. రేపు నేను చేయనని ప్రమాణం చేయగలనా?

ఇంతలో అన్న నుంచి ఫోను వచ్చింది. "చెల్లె, నువ్వు నిర్మల్ల ఉన్నవు గదా. ఖానాపూర్ పోతవా? పెద్దవ్వకు ఇంక తెల్వది. అవ్వ ఉన్నప్పుడే అన్నది, నేను పోతే మా అక్కకు ఫోన్ల చెప్పకుండ్రి, మనిషే పోవాలె అని. నేను ఈడ కదల్లేను. జర నువ్వు పో. ఆమె వచ్చేదాక ఇక్కడ లేపం."

ఖానాపూరమ్మ అంటే పెద్దమ్మ వాళ్లక్క. ఎనభై దాటిన మనిషి. తోబుట్టువులు వీళ్లిద్దరే. ఖానాపూరమ్మ మనవరాలి దగ్గర ఉంటుంది. ఆ మనవరాలి చేతిలో ఫోను ఉంటుంది. ఆ ఫొటో నాకంటే ముందు ఖానాపూర్ చేరి ఉంటుంది. చెల్లెలి మొహం ఆమె మొదట ఆ దూదితో, ఆ వంకర కన్నుతో, ఎవరిదో బొటనవేలు పక్కన చూడాలా?

కారు మాట్లాడుకుని బయల్దేరి దారిలోంచి మనవరాలికి ఫోను చేశాను.

"ఆ అక్కా, చూసిన. మస్తు బాధైంది. నా స్టేటస్ల గూడ పెట్టిన."

"అమ్మమ్మకు చెప్పినవా?"

"లేదక్కా." గొంతు తగ్గించింది. "నాకు చెప్పబుద్ధి గాలే. ఎట్ల చెప్పాలె? పక్కన్నే కూసోని చిక్కుడుకాయ ఈనెలు తీస్తుంది."

ఊరందరికీ పెట్టింది. పక్కన కూచున్న మనిషికి చెప్పలేకపోయింది.

"స్టేటస్ తీసెయ్. ఫోను ఆమె ముందట తియ్యకు. ఎవరొచ్చినా లోపలికి రానియ్యకు. నేను వస్తున్న."

"ఎందుకక్కా, అందరు పెట్టిన్రు గదా?"

"తీసెయ్ బిడ్డా."

దారి పొడుగునా నా కళ్లు నా ఫోను మీదే. తీసేసిన ఫొటో వేరేవాళ్ల చేతుల మీదుగా మళ్లీ వచ్చింది. ఈసారి ఎవరో దానికి పూల చట్రం కట్టి, దీపం బొమ్మ పెట్టి, ఏడుపు పాట కలిపారు. ఛీ. పూలలో ఆ వంకర కన్ను అలాగే ఉంది.

ఖానాపూర్‌లో ఇల్లు చేరేసరికి గేటు ముందు పక్కింటామె ఫోను చేతిలో పట్టుకుని మనవరాలితో వాదిస్తోంది. "అయ్యో పాపం, ముసలామెకు ఓదార్పు చెప్పొద్దా?" అంటోంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, సాయంత్రం రమ్మని, దాదాపు తోసినట్టే పంపించాను. ఆమె నన్ను చూసిన చూపులో రోత ఉంది. ఉండనీ.

ఖానాపూరమ్మ వసారాలో కాళ్లు చాపుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నన్ను గుర్తుపట్టి నవ్వింది. "మందమర్రి పిల్లవు గదా? మా చెల్లె ఎదురింటి దానివి. రా బిడ్డా, కూసో."

నేను దారంతా ఎన్నో మాటలు అనుకుంటూ వచ్చాను. ఎలా మొదలుపెట్టాలి, ఏ మాట తర్వాత ఏ మాట. ఆమె ముందు కూచోగానే అన్నీ పోయాయి. నోట్లోంచి వచ్చింది ఒక్కటే.

"తిన్నరా అమ్మా?"

ఆమె చేతిలో చిక్కుడుకాయ సగం ఒలిచి ఆగింది. నా వంక చూసింది. తర్వాత ఒలవడం పూర్తి చేసి గింజలు చాటలో వేసింది.

"నేను తిన్ననో లేదో అడుగనీకె నిర్మల్ నుంచి వచ్చినవా బిడ్డా?"

నేను ఒలవడానికి ఒక చిక్కుడుకాయ అందుకున్నాను.

"ఏమే, అన్నం పెట్టు," అంది మనవరాలితో. "ఈమెకు గూడ పెట్టు."

ఇద్దరం ఎదురెదురుగా కూచుని తిన్నాం. పప్పు, చల్ల. నేను మెతుకులు కెలుకుతున్నాను. ఆమె మాత్రం నెమ్మదిగా, ఒక్కో ముద్ద కలుపుకుని, తిన్నది. కంచంలో మెతుకు మిగల్చలేదు. మధ్యలో ఒకసారి ఎడం చేత్తో కళ్లు తుడుచుకుంది, కలపడం ఆపలేదు. అప్పుడు ఆమె చెప్పింది, నా వంక చూడకుండా:

"మా బాపు పోయిన్నాడు మా అవ్వ మా ఇద్దరికి ముందుగాల జొన్న గట్క పోసింది. మేం తాగినంక గిన్నె కడిగి బోర్లేసి, అప్పుడేడ్సింది. మా చెల్లె అప్పుడు ఇంత పోరి. గట్క మంచిగున్నది, ఇంక జర పొయ్యవ్వా అన్నది."

చెయ్యి కడుక్కుని వచ్చి కూచుంది. "ఇగ చెప్పు. ఎప్పుడు పోయింది?"

చెప్పాను. ఆమె ఏడ్చింది. పెద్దగా కాదు. ఆ ఇంటికి ఆ వయసు మనిషికి సరిపోయేంత. మనవరాలు తలుపు పక్కన నిలబడి తనూ ఏడుస్తోంది. ఉన్నట్టుండి ముందుకు వచ్చింది, చేతిలో ఫోను.

"అమ్మమ్మా, ఫొటో ఉన్నది. చూస్తవా?"

ఆ పిల్ల మంచికే అడిగింది. నేను లేచి అడ్డం పడబోయాను, అంతలో ఖానాపూరమ్మ చెయ్యి చాచి ఫోను తీసుకుంది. వెలుగుతున్న అద్దం ఇంకా ఆమె వైపు తిరగలేదు. ఆమె తిప్పలేదు. అలాగే మనవరాలి చేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"అది పుట్టిన్నాడు మంత్రసాని తర్వాత దాని మొఖం చూసింది నేనే. పోయినప్పుడు గీ డబ్బల చూడాల్నా? దాని కాడికే తోల్కపో."

జన్నారం అడవిలో కారు పోతున్నంతసేపూ సిగ్నలు లేదు. నా ఫోను మూగగా ఉంది. ఆమె కిటికీ లోంచి టేకుచెట్లు చూస్తూ, మధ్యమధ్య చెల్లెలి మీద చాడీలు చెప్పింది. చిన్నప్పుడు తన గాజులు దొంగిలించి వేసుకునేదట. ఎవరి కంచంలోనైనా వెంట్రుక వస్తే మూడు పూటలు అన్నం మానేసేదట. "దానికి అన్నిటికి రోతే. నేను చంటిదాని ముడ్డి కడుగుతుంటే గూడ ఛీ అనేది," అంది. ఏడుస్తూ నవ్వింది. లక్షెట్టిపేట దాటాక నా ఫోను మళ్లీ మోగడం మొదలుపెట్టింది. తీయలేదు.

మందమర్రి చేరేసరికి ఇంకా పొద్దు ఉంది. వాకిట్లో టెంటు, అద్దాల ఫ్రీజరు పెట్టెలో పెద్దమ్మ. దుబాయిలో ఉన్న ఎవరికో చూపిస్తూ ఒకతను పెట్టె మీదికి వంగి ఫోను పట్టుకుని ఉన్నాడు. "కనవడ్తుందా? ఇప్పుడు కనవడ్తుందా?" అని పెద్దగా అడుగుతున్నాడు. ఖానాపూరమ్మ కారు దిగగానే జనంలో గుసగుస పుట్టింది. "అక్క వచ్చింది, అక్క వచ్చింది." ఒక్కో చెయ్యీ పైకి లేచింది. ఆ కాసేపట్లో లేచిన ఫోన్లను చూసి నాకు మళ్లీ పొద్దుటి టీ నోట్లోకి వచ్చినట్టయింది. అక్కాచెల్లెళ్లు కలుసుకోవడం మంచి వీడియో అవుతుందని అందరికీ తెలుసు. ఎవరో వెనకనుంచి, "జర పక్కకు జరుగుండ్రి, కనవడ్తలేదు," అన్నారు.

నేను అరవాలనుకున్నాను. అరిస్తే అదీ వీడియోలో పడుతుందని తోచి ఆగిపోయాను.

ఖానాపూరమ్మ ఎవరి వంకా చూడలేదు. "మూత తియ్యి," అంది పెద్దమ్మ కొడుకుతో. అన్న మూత ఎత్తి పక్కన పెట్టాడు. ఆమె పెట్టె పక్కన మోకాళ్ల మీద కూచుంది. కూచోవడానికి చాలాసేపు పట్టింది, ఎవరూ సాయం రాలేదు, అందరి చేతులూ పైన ఉన్నాయి. నేను వెళ్లి మోచెయ్యి పట్టుకున్నాను. ఆమె కొంగు భుజం మీంచి లాగి, నిడివిగా విప్పి, చెల్లెలి మొహం మీద కప్పింది. తర్వాత తన తల కూడా వంచి ఆ కొంగు కిందికి దూరింది.

ఎత్తిన చేతులు కాసేపు అలాగే ఉన్నాయి. తీయడానికి అక్కడ ఏమీ లేదు. ఉతికి ఉతికి పలచబడిన నేత చీర, దాని కింద రెండు తలలు. గుడ్డ ఒక పక్క మాత్రమే ఊపిరికి లేస్తూ పడుతూ ఉంది.